సోనిక్ క్రీడాపరంపర: అపఖ్యాతి యెంతవరకు న్యాయము?

ముప్పది యేండ్లకు మించి యెడతెగక వెలువడుచున్న కృతిపరంపర కొక చిక్కు సహజముగ నేర్పడును: తొలినాటి కృతులు వానిని చవిచూచినవారి బాల్యముతో ముడివడి విమర్శ కందనంత యెత్తునకు పోవును; తరువాతివి ఆ జ్ఞాపకములతో తూచబడి, తమకు రావలసిన గౌరవమునైనను పొందజాలక నిలిచిపోవును. వీడియో గేముల చరిత్రలో ఈ చిక్కునకు సోనిక్ పరంపరకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కానరాదు. జపానుదేశపు సెగా సంస్థ 1991లో తన మెగా డ్రైవ్ యంత్రమునకై సృష్టించిన యీ నీలివర్ణపు హెడ్జ్‌హాగ్, ఒడలెల్ల ముళ్లుగల యొక చిన్న జంతువునకు మానవచ్ఛాయ నొసగి తీర్చిన యీ పాత్ర, కొన్నియేండ్లపాటు నింటెండో వారి మరియోకు దీటుగ నిలిచి, అమెరికా విపణిలో ఆ సంస్థ యేకాధిపత్యమును కదల్చెను. ఆ పిమ్మట ఇరువదియేండ్లుగ అదే పేరు, ప్రతి క్రొత్త ఆటకును ముందు ఆశను, వెనుక నిరాశను తెచ్చు పేరుగ విమర్శకుల నోట స్థిరపడిపోయినది. ఈ అపఖ్యాతి న్యాయమైనదేనా, అగునేని ఎంతవరకు న్యాయము, దాని నెవరు మోయవలెను అను ప్రశ్నను, ఒక్క ఆటను పట్టుకొనిగాక పరంపరనంతటిని ముందుంచుకొని విచారింపవలసియున్నది.

మన తెలుగునాట 1990లలో ఇండ్లకు వచ్చిన టీవీ గేములు చాలవరకు నింటెండో పాత యంత్రమొకదానికి నకళ్లు. కావున మన పిల్లలకు మరియో, కాంట్రా తెలిసినంతగా సోనిక్ తెలియడు. ఆ పరిచయము చాలమందికి కంప్యూటరుమీదనో, ఫోనుమీదనో, 2020లో వచ్చిన సినిమావలననో ఆలస్యముగ కలిగినది. ఈ విచారమునకు ఆ యాలస్యము మేలే చేసినది. బాల్యస్మృతి బరువు లేని పాఠకుడు ఇరుపక్షముల వాదమును సమబుద్ధితో వినగలడు.

అభియోగములలో మిక్కిలి తీవ్రమైనదానిని ముందు తీసికొందము. సోనిక్ ఆటలలో తొలినుండియు సారము లేదనియు, ప్రకటనల బలముచేతను, ధిక్కారము చూపు ఆ నీలిబొమ్మ చూడ్కిచేతను మాత్రమే అవి గెలిచినవనియు కొందరు వాదించుచున్నారు. ప్రకటనలు గట్టివే. అమెరికాలోని సెగా శాఖాధిపతి టామ్ కలిన్‌స్కీ, పాత ఆటను తొలగించి ఈ క్రొత్త ఆటను యంత్రముతోపాటు జతచేసి విక్రయింపించుట ఆ కాలపు వ్యాపారములో గొప్ప యెత్తుగడయే. కాని వ్యాపారమువలన ఒక ఆట ఇంటిలోనికి వచ్చును. ఇంటిలోనికి వచ్చిన పిమ్మట దానిని మాటిమాటికి ఆడించునది దాని నిర్మాణము.

ఆ నిర్మాణమును కొంచెము నిదానముగ చూడవలెను. తొలి ఆటకు ప్రోగ్రాము రచించినవాడు యూజీ నాకా. పాత్రకు రూపము దిద్దినవాడు నావోతో ఓషిమా. ఆటస్థలములను కల్పించినవాడు హిరోకాజు యసుహారా. సంగీతము డ్రీమ్స్ కమ్ ట్రూ బృందమునకు చెందిన మసాతో నకమురాది. వీరందరి కృషియు ఒకే భావముచుట్టు తిరుగును: నేలవాలు వేగమును శాసించుట. అంతకుముందటి దూకుడు ఆటలలో నేల ప్రాయికముగ సమతలము. గుంట యున్నచో దాటవలెను, మెట్టు ఉన్నచో ఎక్కవలెను. సోనిక్‌లో నేల వంకరలు పోవును, దిగును, లేచును, చక్రాకారముగ చుట్టుకొని తలక్రిందులగును. ఆ ప్రతి వంకరయు పరుగెత్తువాని వేగమును పెంచుటయో తగ్గించుటయో చేయును. చెరువుకట్టపైనుండి పల్లమునకు పరుగుతీసిన పిల్లవానికి ఒకానొక చోట కాళ్లు తన స్వాధీనము తప్పి తమంతట తాము పోవుచున్నట్లు తోచునే, ఆ భయానందమును ఈ యాట ఒక్క దిక్కుమీటతోను ఒక్క బటనుతోను కలిగించెను. బంతివలె ముడుచుకొని దొర్లినచో పల్లపువేగము మరింత హెచ్చును, కాని దొర్లునపుడు దిక్కు మార్చు స్వేచ్ఛ తగ్గును. నిలువుచక్రమును చుట్టిరావలెనన్న అంతకుముందే చాలినంత వేగమును కూడబెట్టుకొని రావలెను. వేగము ఇచట ఆటగానికి దానముగ లభింపదు, సంపాదించుకొనవలసినది. ఈ మాట ముందు మరల మనకు పనికివచ్చును.

దారిలో ఏరుకొను ఉంగరముల యేర్పాటు మరియొక తెలివి. చేత ఒక్క ఉంగరమున్నను దెబ్బ తగిలినపుడు ప్రాణము దక్కును. కాని కూడబెట్టిన ఉంగరములన్నియు నలుగడల చెదరిపోవును, కన్నుమూసి తెరచునంతలో మాయమగును. వేగముగ పోవువాడు ముందున్న శత్రువును చూడకమునుపే తాకుట తప్పదు గనుక, ఆ తప్పును క్షమించుచునే శిక్షించు మార్గమొకటి కావలెను. ఆ మార్గమును కనుగొన్నవారిని కేవలము ప్రకటనలచే గెలిచినవారనుట అన్యాయము.

అట్లని తొలి ఆటలు నిర్దోషములని నే ననను. 1991 నాటి ఆటలోనే మార్బుల్ జోన్‌లో కదలు రాతిదిమ్మెలపై నిలిచి వేచియుండుట, లాబిరింత్ జోన్‌లో నీటియడుగున గాలిబుడగకై ఊపిరి బిగబట్టి నిలుచుట, వేగమునకు పూర్తిగ విరుద్ధములు. స్మృతి ఆ యాట తొలిస్థలమైన గ్రీన్‌హిల్ పచ్చికబయలును పదిలపరచుకొని ఈ నీటిగుహలను మరచిపోయినది. క్రొత్త ఆటలను పాతవానితో పోల్చువారు ఆ పాతవానిని మొదటినుండి చివరవరకు మరల ఒకమారు ఆడి చూచుట అవసరము.

ఆ స్వర్ణయుగమునందును తొందర లేకపోలేదు. 1992 నవంబరులో వచ్చిన రెండవ ఆటలో హిడెన్ ప్యాలెస్ అను స్థలము పూర్తికాక తీసివేయబడెను. మూడవ ఆటకు సంకల్పించిన పథకము ఒకే కార్ట్రిడ్జిలో, అనుకొన్న గడువులో ఇముడకపోగా, దానిని రెండుగ విభజించి 1994 ఫిబ్రవరిలో సోనిక్ 3 అనియు, అక్టోబరులో సోనిక్ అండ్ నకల్స్ అనియు వెలువరించిరి. ఈ రెండవదాని కార్ట్రిడ్జికి పైన ఒక గాడి యమర్చి, అందు మొదటిదానిని చొప్పించినచో రెండును కలిసి ఒకే మహాకృతిగ ఆడుట కనువగునట్లు చేసిరి. అసంపూర్ణతను దాచక, దానికి తగిన ఉపాయము వెదకి, ఎనిమిదినెలలలో మాట నిలుపుకొనిన యీ పద్ధతిని జ్ఞాపకముంచుకొనవలెను. గడువు ఒత్తిడి అప్పుడును కలదు, తరువాతను కలదు. దాని నెదుర్కొనిన తీరులోనే భేదము.

తరువాత వచ్చిన శూన్యము పరంపరకు తగిలిన మొదటి దెబ్బ. సెగా వారి సాటర్న్ యంత్రమునకై అమెరికాలో తలపెట్టిన సోనిక్ ఎక్స్‌ట్రీమ్, నిర్మాణసాధనములు మారుటచేతను, పెద్దల యభిప్రాయములు మారుటచేతను, ముఖ్యులైన పనివారు రాత్రింబవళ్లు శ్రమించి రోగపీడితులగుటచేతను, వెలుగు చూడకయే రద్దయ్యెను. 1996లో నింటెండో సూపర్ మరియో 64తో త్రీడీ లోకమునకు వ్యాకరణము వ్రాయుచుండగా, సోనిక్‌కు ఆ లోకములో ముఖ్యమైన స్వంత ఆట యొకటియు లేదు. ప్రత్యర్థి అభ్యాసము చేయుచున్న కాలమంతయు ఇతడు గైరుహాజరు. త్రీడీలో సోనిక్ పడిన తడబాటులలో సగము ఈ పోయిన యేండ్ల ఋణమని నా నమ్మకము.

1998 డిసెంబరున జపానులో సెగా వారి డ్రీమ్‌కాస్ట్ యంత్రముపై వెలువడిన సోనిక్ అడ్వెంచర్ ఆ ఋణమును ఒక్కమారుగ తీర్చ యత్నించెను. నిర్మాతలు మధ్య, దక్షిణ అమెరికా దేశములకు పోయి పురాతన శిథిలాలయములను చూచివచ్చి తమ కల్పనలకు ఆధారము చేసికొనిరి. సముద్రతీరపు చెక్కవంతెనపై ఓర్కా తిమింగిలము వెనుకనుండి వంతెనను విరుచుకొనుచు తరుముకొనివచ్చు దృశ్యము ఆనాడు చూచినవా రెవరును మరువలేదు. ఆరుగురు నాయకులకు ఆరు కథలు, ఆరు విధములైన ఆటలు. అందొకటి చేపలు పట్టుట. ఈ విస్తృతియే గుణము, ఈ విస్తృతియే దోషము. ఆ యంత్రముపై మిక్కిలిగ విక్రయమైన ఆట ఇదియే యయ్యెను. విమర్శకులును ఆనాడు పొగడిరి. 2001 జూన్‌లో, పదవ వార్షికోత్సవమునకు, వచ్చిన రెండవ అడ్వెంచర్‌కును అట్టి యాదరమే లభించెను.

సోనిక్ త్రీడీకి పనికిరాడను వాదములో సత్యమున్నదేమోయని ఇచటనే పరీక్షింపవలెను. కష్టము నిజమైనదే. పక్కనుండి చూచు ఆటలో ముందరి దారి తెరపై అడ్డముగ పరచుకొనియుండును. వెనుకనుండి చూచు ఆటలో ముందరి దారి నాయకుని వీపు చాటున, దూరమున, చుక్కవలె కుదించుకొని యుండును. నాయకుడు నెమ్మదిగ నడచువాడైనచో ఆటగాడు కెమెరాను త్రిప్పుకొని చూచుకొనును. సోనిక్‌కు ఆ తీరిక లేదు. మరియో ఒక చిన్న కోటముంగిట అరగంట గెంతులాడి సంతోషముగ నుండగలడు. సోనిక్ అదే వైశాల్యమును కొన్ని క్షణములలో దాటిపోవును, కాబట్టి అతనికి దారిని కట్టువారి శ్రమ యెన్నో రెట్లు. నేలవాలు వేగమును శాసించు పాతసూత్రమును త్రీడీలో నిలుపుట మరింత కష్టము. ఏలయన ప్రక్కలకు గూడ స్వేచ్ఛగ పోగలవాడు నిలువుచక్రము మధ్యలో కొంచెము ప్రక్కకు జరిగినను గాలిలోనికి జారిపడును. అడ్వెంచర్ ఆటలు ఈ కష్టమును పూర్తిగ జయింపలేదు. నిర్మాతలు చాలచోట్ల పట్టాలవంటి దారులు వేసి ఆటగాని చేయి పట్టుకొని నడిపించిరి. కెమెరా గోడలలో చిక్కుకొనెను. అయినను వాలుపై ముడుచుకొని దొర్లినచో ఫలితముండెను, శత్రువుపైకి గురిపెట్టి దూకు క్రొత్త విద్య గాలిలో లయను కల్పించెను. కష్టమును అసాధ్యమనుట వేరు, అసంపూర్ణముగ సాధింపబడినదనుట వేరు.

ఇందొక విశేషమును గమనింపవలెను. అడ్వెంచర్ ఆటలను వెలువడిననాడు మెచ్చిన లోకమే, తరువాత ఇతర యంత్రములకు తరలించి మరల విక్రయించినపుడు వానిని తృణీకరించెను. కాలము గడచి ఇతరుల త్రీడీ ఆటలు నునుపుదేరుటయొక కారణము. నడుమ వచ్చిన చెడ్డ ఆటల నీడ వెనుకకు ప్రసరించుట మరియొక కారణము. అపకీర్తి ఈ విధముగ ముందునకేగాక గతమునకును ప్రవహించినది. ఒక కృతిని దాని కాలమునందుంచి చదువుటను సాహిత్యమున మనము విమర్శకుని కనీసధర్మముగ నెంచుదుము. ఆటల విమర్శకును అదే ధర్మము వర్తింపవలెను.

2001 జనవరి చివర సెగా తన యంత్రములను మానివేయుచున్నట్లు ప్రకటించెను. ఆ యేడు ముగియకమునుపే సోనిక్ తన చిరకాలప్రత్యర్థియైన నింటెండో యంత్రములపై ప్రత్యక్షమయ్యెను. ఇక ఆ పాత్ర ఒక యంత్రమునకు ధ్వజము కాదు, ఆర్థికముగ దెబ్బతిన్న సంస్థకు ప్రతియేటను రాబడి తేవలసిన పనివాడు. సోనిక్ హీరోస్ ముగ్గురేసి పాత్రలను ఒక్కమారు నడిపించు మంచి యూహతో వచ్చి, జారుడునేలవంటి నడకతో ఆ యూహను పాడుచేసికొనెను. 2005లో షాడో అను పాత్రకు తుపాకి చేతికిచ్చి వీధులలో నడిపించిన ఆట, పెరిగిన పిల్లలను మెప్పింపబోయి ఎవరినిగూడ పూర్తిగ మెప్పింపలేకపోయెను. ఈ కాలముననే చేతిలో పట్టుకొను చిన్నయంత్రములపై డింప్స్ అను సంస్థ సహకారముతో వచ్చిన సోనిక్ అడ్వాన్స్, సోనిక్ రష్ వంటివి చక్కని ఆటలుగ నిలిచినవి. అపఖ్యాతిని గూర్చి మాటలాడువారు వీనిని లెక్కలోనికి తీసికొనరు. పెద్దతెరపైని ఓటమి మాత్రమే లోకము కంటబడును.

ఇక 2006. ఈ ప్రశ్నకంతకును గుండెకాయ ఈ సంవత్సరమే. పదునైదవ వార్షికోత్సవమున పరంపరను క్రొత్తగ నారంభింపవలెనను సంకల్పముతో, తొలి ఆటకు పెట్టిన పేరునే మరల పెట్టి, ఆనాటి క్రొత్త యంత్రములైన ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 లకై ఒక మహాప్రయత్నము నారంభించిరి. నడుమ యూజీ నాకా సంస్థను విడిచి తన స్వంత సంస్థను స్థాపించుకొనెను. మిగిలినవారిలో కొందరు నింటెండో వీ యంత్రమునకై వేరొక సోనిక్ ఆటను చేయుటకు తరలిరి. చేతులు తగ్గినవి, పని తగ్గలేదు, పండుగ గిరాకీకి అందవలెనను గడువు కదలలేదు. ఆ యేటి నవంబరులో ఎక్స్‌బాక్స్‌పై వెలువడిన ఆటను ఆడినవారు చూచినదేమి? నాయకుడు గోడలలోనికి చొచ్చుకొనిపోవుట, నిలువుచక్రము నడుమ నేలనుండి విడివడి శూన్యములో పడుట, పట్టణములో ఒకనితో రెండుమాటలు మాటలాడుటకు ముందొకమారు వెనుకొకమారు తెర నల్లబడి దీర్ఘముగ వేచియుండుట. కథలో మానవరాజకుమారికిని ఈ హెడ్జ్‌హాగ్‌కును కల్పించిన ప్రణయచ్ఛాయ చూపరులను ఇబ్బందిపెట్టెను. విమర్శకుల సగటు నూటికి 50 దాటలేదు.

ఈ యాటను సమర్థింపవలెనని నాకు లేదు. సొమ్ముపెట్టి కొన్న పిల్లలకు జరిగినది అన్యాయము, ఆ యన్యాయమునకు వచ్చిన అపకీర్తి న్యాయము. కాని అపకీర్తి దేనిపై నిలువవలెనో సరిగ నిర్ణయించుకొనవలెను. ఈ యాటలో సంగీతము ఉత్తమమైనది. స్థలముల కల్పన దరిద్రమైనది కాదు. అసలు లోపము పూర్తిచేయకపోవుట. దీనికి నాకు దొరికిన గట్టి సాక్ష్యము ఊహ కాదు, మరియొక ఆట: ఇరువదవ వార్షికోత్సవమునకు 2011లో వెలువడిన సోనిక్ జెనరేషన్స్. పాత ఆటలనుండి ఒక్కొక్క స్థలమును తీసికొని నూతనముగ నిర్మించిన ఆ కృతిలో, 2006 నాటి ఆటనుండి క్రైసిస్ సిటీ అను మంటలపాలైన నగరమును గూడ ఎన్నుకొనిరి. అదే నగరము, అవే యగ్నిజ్వాలలు, అదే సుడిగాలి. చేయి తిరిగినవారు తీరికగ దిద్దగా అది ఆహ్లాదకరమైన ఆటస్థలమయ్యెను. నిందింపబడిన కృతి గర్భములో మంచి బీజమున్నదని దీనికంటె వేరుగ రుజువు చేయనక్కరలేదు.

2006కును 2011కును నడుమ, సెగాలో ఈ యాటలను నిర్మించు బృందమైన సోనిక్ టీమ్ సాధించినది సామాన్యము కాదు. 2008లోని సోనిక్ అన్‌లీష్డ్ పగటివేళ నొక ఆట, రాత్రివేళ నొక ఆట. రాత్రివేళ నాయకుడు బలిసిన తోడేలురూపము దాల్చి చేతులు సాచి కొట్లాడును. ఆ భాగము దీర్ఘము, అలసట పుట్టించునది, పరంపర స్వభావమునకు దూరమైనది. పగటివేళ మాత్రము గ్రీకుద్వీపమును బోలిన తెల్లనియిండ్ల సందులగుండ, చైనాగోడను బోలిన కోటగోడలపైగ, మునుపెన్నడు చూడని కాంతితో, మునుపెన్నడెరుగని వేగముతో పరుగు సాగును. 2010లోని సోనిక్ కలర్స్ రాత్రిభాగమును విడిచి ఆ పగటివిద్యనే చక్కదిద్దెను. జెనరేషన్స్ దానిని పరిపక్వము చేసెను. సోనిక్ ఆధునికకాలమున ఎన్నడును బాగుండలేదను మాటకు ఈ మూడేండ్ల చరిత్రయే ప్రత్యుత్తరము.

ఈ క్రొత్తపద్ధతిపై పాతవారి ఫిర్యాదు ఒకటి కలదు, అది వినదగినది. ఇందొక బటను నొక్కినంతనే నాయకుడు బాణమువలె దూసుకొనిపోవును. సంపాదించుకొనవలసిన వేగము దానముగ లభించుచున్నది. తొలి ఆటల సారమే పోయినదని వారి బాధ. ఆ బాధ నాకు అర్థమగును. నా స్వంత రుచియు పాతదానివైపే మొగ్గును. అయినను ఈ పద్ధతిని కళాహీనమనుట సరికాదు. ఇందలి నేర్పు వేగమును పొందుటలో లేదు, పొందిన వేగమును నిలుపుకొనుటలో నున్నది. ఎదురగు అడ్డంకిని క్షణము ముందే పసిగట్టి ప్రక్కకు జరుగుట, మలుపులో జారుట, అదే దారిని పదిమారులు పరుగెత్తి కంఠస్థము చేసికొని ఒక్క తొట్రుపాటు లేక ముగించుట. ఇది పందెపుకారు నడుపువాని విద్యకు చుట్టము. వేరు విద్యయని చెప్పవచ్చును, తక్కువ విద్యయని చెప్పరాదు.

అయితే ఇంత శ్రమకు ఫలించిన పద్ధతిని సెగా ఏమి చేసినది? 2013లో సోనిక్ లాస్ట్ వరల్డ్‌తో దానిని ప్రక్కకు పెట్టి, గుండ్రని గొట్టములవంటి లోకములలో నెమ్మదిగ పరుగెత్తు వేరొక పద్ధతిని చేపట్టెను. అది కుదురుకొనకమునుపే దానినిగూడ విడిచెను. ఈ పరంపరకు గల నిజమైన వ్యాధి నా దృష్టిలో ఇదియే. ప్రతి విమర్శకును భయపడి పునాదినే మార్చుట, ఫలించిన చెట్టును పెరికి క్రొత్తవిత్తు నాటుట. పాతఫక్కి నాశించినవారికై 2010లో తెచ్చిన సోనిక్ 4 సయితము రూపమున పాతది, చలనమున కాదు. మీట వదలినంతనే నాయకుడు గాలిలో నిలిచిపోవును, వాలు వేగమును శాసించు సూత్రము అందు చచ్చుబడినది. బాహ్యచిహ్నములను అనుకరించి ప్రాణసూత్రమును మరచిన కృతికి అది మంచి యుదాహరణము.

2014 నాటి సోనిక్ బూమ్: రైజ్ ఆఫ్ లిరిక్ గూర్చి చాల వ్రాయుట వృథా. విమర్శకుల సగటులో ఇది 2006 ఆటకంటె క్రిందికి దిగజారెను. ఆటను మధ్యలో నిలిపి మరల సాగించుటచే ఒక పాత్ర గాలిలో ఎన్నిమారులైనను ఎగురుచు దారులన్నియు దాటిపోగలుగునంతటి లోపముతో అది విపణికి వచ్చెను. కాని ఇది సోనిక్ టీమ్ చేసినది కాదు, అమెరికాలోని బిగ్ రెడ్ బటన్ అను వేరొక సంస్థ చేసినది. పేరొకటియే యగుటచే ఎవరి పని యెవరిదో విడదీయక, ఒక్క రచయిత వరుసగ వ్రాసిన గ్రంథములవలె ఈ యాటలను చదువుట విమర్శలో పెద్దదోషము. అట్లు విడదీసి చూచినను, తన పేరుపెట్టి దానిని విక్రయించిన సెగా బాధ్యత మాత్రము తగ్గదు.

విడదీసి చూడవలసిన యవసరమును 2017వ సంవత్సరము అందరికిని బోధించెను. ఆ యేటి ఆగస్టులో సోనిక్ మేనియా వెలువడెను. దాని ప్రధానశిల్పి క్రిస్టియన్ వైట్‌హెడ్; ఆస్ట్రేలియావాసి, సోనిక్ అభిమానిగ స్వయముగ ప్రోగ్రాములు వ్రాసికొనుచు నేర్చినవాడు. పాత సోనిక్ ఆటలను ఫోనులకు తరలించుటలో తన నైపుణ్యమును ఇదివరకే చూపి, 1992లో తీసివేయబడిన ఆ హిడెన్ ప్యాలెస్‌ను 2013లో ఫోనుపై పునరుద్ధరించినవారిలో నొకడు. అతడును హెడ్‌క్యానన్, పగోడావెస్ట్ అను చిన్నసంస్థలవారును కలిసి, పన్నెండు స్థలములలో ఎనిమిది పాతవానికి క్రొత్తమెరుగులు దిద్దియు, నాలుగు స్వయముగ కల్పించియు నిర్మించిన ఆ యాటలో నేలవాలు మరల వేగమును శాసించెను. విమర్శకుల సగటు 80 దాటెను. మూడునెలలు తిరుగకమునుపే, నవంబరులో, సోనిక్ టీమ్ తానే నిర్మించిన సోనిక్ ఫోర్సెస్ వచ్చెను. ఆటగాడు తన పాత్రను తానే రూపొందించుకొను ముచ్చటైన యేర్పాటు కలిగియు, దారులు పొట్టివై, చేయువారి మనసు లేనిదై తేలిపోయెను. అప్పటికి పాత్ర వయస్సు ఇరువదియారేండ్లు. ఒకే యేడు ఉత్తమమును మధ్యమముకంటె తక్కువదియు పుట్టినవి. పాత్రలోనో కాలములోనో దోషమున్నచో ఇది సంభవింపదు.

సినిమా చరిత్ర ఇచట ప్రాసంగికము. 2019 ఏప్రిల్‌లో తొలి ట్రైలరు వచ్చినపుడు మనుష్యుల పండ్లతో, చిన్నకన్నులతో నున్న సోనిక్ రూపమును చూచి లోకము అసహ్యించుకొనెను. నిర్మాతలు పంతమునకు పోక, నవంబరునకు నిర్ణయించిన విడుదలను ఫిబ్రవరికి మార్చి, రూపమును మరల గీయించిరి. 2020లో వచ్చిన ఆ చిత్రము జనాదరణ పొందగా 2022లోను, 2024లోను తరువాతి భాగములు వెలువడినవి. మూడునెలల జాగుచే ఒక కృతి నిలిచినది. 2006లో ఆ ఆటకు అట్టి జాగును ఎవరైన నిచ్చియున్నచో ఈ వ్యాసమునకు ప్రసక్తియే యుండెడిది కాదేమో.

ఆ పాఠము కొంత తలకెక్కినదనుటకు గుర్తులు కానవచ్చుచున్నవి. 2022 నవంబరున వెలువడిన సోనిక్ ఫ్రాంటియర్స్ విశాలమైన ద్వీపములలో స్వేచ్ఛగ పరుగెత్తనిచ్చెను. అందు లోపములున్నవి, దూరపు పట్టాలు, వేదికలు కన్నుల యెదుట హఠాత్తుగ నాకాశమున మొలచుట, చదునైన బయళ్లలో స్థలస్వభావము పలుచబడుట మచ్చలే. కాని అభిమానులాదరించిరి, నిర్మాతలు దానిని విడిచిపోక మరుసటి యేటిలో నూతనభాగములను ఉచితముగ చేర్చిరి. 2024లో షాడో పాత్రకై జెనరేషన్స్‌కు జతచేసి నిర్మించిన క్రొత్తభాగము, 2008 నాటినుండి సాగుచున్న వేగపద్ధతికి ఇంతవరకు వచ్చిన కృతులలో మేలైనవానిలో నిలుచును. విడిచిన దారికి మరల వచ్చి దానిని పొడిగించుట ఈ సంస్థకు అరుదైన గుణము. అది అలవాటు కావలెను.

కావున నా తీర్పు ఇది. 2006 నాటి ఆటకును, రైజ్ ఆఫ్ లిరిక్‌కును వచ్చిన అపకీర్తి పూర్తిగ న్యాయము. హీరోస్, షాడో, సోనిక్ 4, ఫోర్సెస్ మొదలగువానికి వచ్చిన నిరసన చాలవరకు న్యాయము. కలర్స్, జెనరేషన్స్, మేనియా, చేతియంత్రపు ఆటలు, అడ్వెంచర్ జంట ఆ నీడలో నిలుచుట అన్యాయము. సోనిక్ త్రీడీకి పనికిరాడనుటయు, ఆధునికకాలమున బ్రతుకలేడనుటయు అసత్యము. దోషము సెగా తొందరది, నిలకడలేమిది. ఇంకొక వార్షికోత్సవము వచ్చునపుడు తేదీకి కట్టుబడి ఆటను విడుదల చేయక, ఆట పూర్తియైననాడే తేదీని నిర్ణయింపుడని ఆ సంస్థను ఈ పరంపరను ప్రేమించువారందరు కోరవలసియున్నది. ఇంతవరకు ఒక్క సోనిక్ ఆటయు నాడని పాఠకుడు, ఎవరి తీర్పును నమ్మక, నా తీర్పునుగూడ నమ్మక, మొదట మేనియాను, పిదప జెనరేషన్స్‌ను ఆడి చూచునుగాక. రెండును నేటి యంత్రములపై సులభముగ లభించుచున్నవి.